గ్రీసు పెట్టిన తాళం

నేను ఒక మనిషిని దొంగను చేశాను. చేసి, ఇన్నేళ్లూ నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ బరువు మోస్తూనే వేళకు అన్నం తిన్నాను, కంటినిండా నిద్రపోయాను, పెళ్లిళ్లకు వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. నలుగురిలో మర్యాదస్తుణ్ని. నాకు నామీద అన్నిటికంటే ఎక్కువ అసహ్యం పుట్టేది అక్కడే.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పేరు రాయలేదని నవ్వుకుంటారేమో. నవ్వుకోండి.

జనగామలో ఓ చిన్న సర్కారు ఆఫీసులో గుమస్తాగా ఉండేవాణ్ని. రైతులకు టార్పాలిన్లు, మందు కొట్టే పంపులు ఇచ్చే ఆఫీసు. మా బాపు అదే ఊళ్లో, స్టేషన్ రోడ్డు మీద, ఓ చెక్క డబ్బా కొట్టులో కూర్చుని తాళాలు బాగుచేసేవాడు. మీ నాన్నగారు ఏం చేస్తారని ఆఫీసులో ఎవరైనా అడిగితే బిజినెస్ అనేవాణ్ని. ఏం బిజినెస్ అని అడిగేలోపు మాట మార్చడంలో నేను ఘనుణ్ని.

కానీ పెరిగింది ఆ డబ్బా పక్కనే. తుప్పు పట్టిన పాత తాళాన్ని ఎట్లా దారికి తేవాలో నాకు ఎక్కాలకంటే ముందు వచ్చింది. కిరోసిన్‌లో నానబెట్టాలి. పాత పళ్ల బ్రష్షుతో రుద్ది తుప్పు రాల్చాలి. చెవి దూరే కంత కిందికి ఉండేట్టు ఎండలో పెట్టి ఆరనివ్వాలి. ఆ తర్వాత కుట్టుమిషను నూనె ఒకట్రెండు చుక్కలు, అంతే. గ్రీసు మాత్రం లోపలికి పోనివ్వకూడదు, దుమ్ము పట్టి లోపలి రేకులు అతుక్కుపోతాయి. చివరికి తాళం వేసి గట్టిగా గుంజి చూడాలి. గుంజి చూడని తాళం తాళమే కాదనేవాడు బాపు.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులు. అప్పట్లో ఎవరి పని వాళ్లు రోడ్డు మీదకి తెచ్చి చేసేవాళ్లు. రోడ్డు మీదే వండి వడ్డించారు. రోడ్డు మీదే గడ్డాలు గీశారు, బట్టలు ఇస్త్రీ చేశారు. మా ఉద్యోగుల వంతు వచ్చింది. రోడ్డు మీద చేసి చూపించడానికి మాకు పనేముంది? ఆఫీసులో ఉన్నప్పుడే ఉండేది కాదు.

అప్పుడు నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆఫీసు తాళాలన్నీ ఊడదీసి తెచ్చి, సమ్మె శిబిరం ముందు కూర్చుని శుభ్రం చేద్దాం, మళ్లీ తలుపులకు వేసేద్దాం, రాష్ట్రం వచ్చేదాకా ఇవి తెరుచుకోవని చెబుదాం అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టరా మరి, కూర్చున్న చోటు నుంచి లేవనక్కర్లేని పని.

తాళాలు తెచ్చింది కమ్లి. కమ్లి మా ఆఫీసు ఊడ్చేది, నీళ్లు పట్టేది, పొద్దున తాళాలు తీసేది, సాయంత్రం వేసేది. రఘునాథపల్లి దగ్గరి తండా నుంచి రోజూ బస్సులో వచ్చేది. పర్మినెంటు కాదు. ఎప్పటికైనా చేస్తారన్న ఆశ మీదే అన్నేళ్లూ నెట్టుకొచ్చింది. తాళంచెవుల గుత్తి ఎప్పుడూ ఆమె నడుముకే ఉండేది. రెండో జత ఎప్పుడో పోయింది, ఎవరూ చేయించలేదు.

టబ్బునిండా తాళాలు. ముట్టుకుంటే చేతికి తుప్పు అంటుతోంది. నేను చొక్కా చేతులు మడిచి పీట మీద కూర్చున్నాను. నీకు ఈ పని ఎట్ల వచ్చయ్యా అని మా పెద్దసారు ఆశ్చర్యపోయాడు. చిన్నప్పటి సరదా సార్ అన్నాను. బాపు డబ్బా అక్కడికి కూతవేటు దూరం.

ఎండలో ఆరనిచ్చే ఓపిక ఎవరికుంది? ఫొటోలవాళ్లు తొందరపెట్టారు. తాళాలు మసిబారినట్టు కనబడుతున్నాయన్నారు. ఎవరో ట్రాక్టరుకు పెట్టే గ్రీసు డబ్బా అందించారు. తీసుకుని పూశాను. పైపైన పూస్తే పోయేది, చెవి దూరే కంతల్లో కూడా వేలితో కుక్కాను. తాళాలు నిగనిగలాడాయి. నేను కెమెరా వైపు చూసి, చేతిలో తాళం పైకెత్తి, పళ్లికిలించాను. ఆ ఫొటో పేపర్లో పడింది. చాలా రోజులు జేబులో పెట్టుకు తిరిగాను కూడా, ఛీ.

స్టోరు గది ఆఫీసు వెనకాల ఉండేది. రైతులకు ఇవ్వాల్సిన పంపులు అందులోనే. అటువైపు ఫొటోలవాళ్లు రాలేదు, కమ్లి ముందు గేటు దగ్గర నినాదాలిచ్చే ఆడవాళ్లతో ఉంది. ఆ ఒక్క తాళం నేనే పోయి వేశాను. టక్కుమంది. గుంజాను. ఊడి చేతిలోకి వచ్చింది. మళ్లీ నొక్కాను. ఈసారి నిలిచింది. ఇంకోసారి గుంజలేదు. ఎందుకు గుంజలేదు? గుంజితే ఊడుతుందని తెలుసు కాబట్టి. ఊడితే దాన్ని మళ్లీ కడగాలి, ఆరబెట్టాలి, అవతల మైకులో నా పేరు పిలుస్తున్నారు. పోయాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. త్యాగం అనే మాట మాత్రం తెగ వాడినట్టున్నాను.

సమ్మె ముగిసింది. ఆఫీసు తెరిచాం. కమ్లి స్టోరు గది తాళం తీసి చూస్తే లోపల పంపులు లేవు. తాళం మాత్రం అప్పటిదాకా గొళ్లేనికి బుద్ధిగా వేలాడుతూనే ఉంది. వచ్చినవాడెవడో పోతూ పోతూ మళ్లీ నొక్కి పోయాడు. పగలగొట్టిన గుర్తు లేదు, చిన్న గీత లేదు. అందరి కళ్లూ కమ్లి నడుముకున్న గుత్తి మీద పడ్డాయి. జరిగింది ఏమిటో నాకు మాత్రం ఆ క్షణమే తెలిసిపోయింది.

విచారణ దాకా ఆ తాళం నా దగ్గర భద్రంగా ఉంచుతానన్నాను. బాధ్యత గల ఉద్యోగిని కదా. సాయంత్రం నేరుగా బాపు డబ్బాకు తీసుకుపోయాను. బాపు దాన్ని చేతిలో తిప్పి చూశాడు.

“ఎవడురా దీంట్ల గ్రీసు కుక్కింది? ఇది తాళమా, బండి ఇరుసా? పడ్డట్టే ఉంటది గని గుంజితే ఊడుతది. ఎవలింటిది?”

“దోస్తు ఇంటిది” అన్నాను.

బాపు దాన్ని కిరోసిన్‌లో వేసి కడిగాడు. మర్నాడు ఎండలో ఆరబెట్టి, నూనె చుక్కలు వేసి, గుంజి గుంజి చూసి ఇచ్చాడు. తాళం నిక్షేపంగా ఉంది. నేను కావాలనే చేశానా? పాడైన తాళాన్ని బాగుచేయిస్తే తప్పా అని అప్పుడు నన్ను నేను అడుక్కున్నాను. ఎంత ముచ్చటైన ప్రశ్నో చూడండి. నాలాంటి వెధవలకు ఇలాంటి ప్రశ్నలు వెతకకుండానే దొరుకుతాయి.

విచారణ రోజు పెద్దసారు అందరి ముందూ తాళం వేసి గుంజాడు. ఇద్దరు ముగ్గురి చేత గుంజించాడు. కదల్లేదు.

“తాళం గట్టిగనే ఉన్నది. తాళంచెవి నీ కాడనే ఉన్నది. ఇంకేం చెప్తవ్?” అన్నాడు కమ్లితో.

కమ్లి నా వైపు తిరిగింది. “సారూ, ఆ దినం తాళం ఏసింది మీరే గద. జర చెప్పుండ్రి. మంచిగ పడ్డదా?”

“పడ్డది” అన్నాను. “మంచిగనే పడ్డది.”

“అయితే నాకేం సమజైతలేదు సారు” అంది. నడుముకున్న గుత్తి విప్పి బల్ల మీద పెట్టింది. “ఇవి ఒక్కపాలి సరి జూస్కోండ్రి. మల్ల ఇవి గూడ పోయినయంటరు.”

పోలీసులకు అప్పగించకుండా వదిలేయడమే గొప్ప దయ అన్నాడు పెద్దసారు. రేపటి నుంచి రావద్దన్నాడు. దొంగ అన్న మాట ఆమెకంటే ముందే తండాలో బస్సు దిగింది.

నిజం చెబితే నాకు ఏం పోయేది? నవ్వేవాళ్లు. బాపు పని బయటపడేది, తాళాలాయన కొడుక్కి తాళం వేయడం రాలేదని నవ్వేవాళ్లు. అంతకు మించి ఏమీ లేదు, ఎన్నిసార్లు వెతుక్కున్నా ఏమీ కనబడలేదు. ఒక నవ్వుకు భయపడి ఒక ఆడమనిషి కూడు తీశాను, పరువు తీశాను. ఉద్యమం పెద్దది. అందులో ప్రాణాలు ఇచ్చినవాళ్లున్నారు. నేను దాని తలలో పేనును.

రాష్ట్రం వచ్చింది. నాకు శాలువా కప్పారు. కప్పినవాళ్లలో సగం మంది సమ్మె రోజుల్లో ఇళ్లలో కాళ్లు చాపుకుని పడుకున్నవాళ్లే. వాళ్లను చూసి లోపల్లోపల ఈసడించుకున్నాను. ఈసడించుకోవడానికి నేనెవణ్ని? ఆ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు, శాలువా మడత పెట్టుకుని ఇంటికి పోయాను. ఆ తర్వాత కొన్నాళ్లకు బాపు చనిపోయాడు. పోయేదాకా ఏమీ తెలియదు ఆయనకు.

మొన్నామధ్య కాళేశ్వరం పోయి తిరిగి వస్తూ భూపాలపల్లి బస్టాండులో దిగాను. “సారూ” అని ఎవరో పిలిచారు. కమ్లి. జుట్టంతా తెల్లబడింది. ఇన్నేళ్లూ మహబూబాబాద్ వైపు మిర్చి ఏరే కూలికి పోయిందట. ఇప్పుడు భూపాలపల్లిలో కూతురి దగ్గర ఉంటోంది, అల్లుడు బొగ్గుబాయిలో పనిచేస్తాడట. పక్కన ఉన్న కూతురితో వాళ్ల భాషలో ఏదో చెప్పి, నాకు తెలియాలని మళ్లీ తెలుగులో చెప్పింది.

“మా ఆఫీసుల సారు. అందరు నన్ను దొంగ అన్నరు. ఈ సారొక్కడే అనలే.”

నేను బస్సుల బోర్డుల వైపు చూశాను. ఆమే మళ్లీ అందుకుంది.

“ఇన్నేండ్లు గదే సోంచాయిస్తున్న సారు. తాళంచెవులు ఎక్కడనన్న పెట్టి మర్సిన్నేమో. బస్సుల నిద్రవోతే ఎవలన్న తీసిన్రేమో. మీరేమో మంచిగనే పడ్డదంటిరి. అంటే తప్పు నా కాడనే అయ్యింటది గద.”

“బస్సొచ్చింది కమ్లీ, పోతా” అన్నాను. అది నేను ఎక్కాల్సిన బస్సు కాదు. అయినా ఎక్కాను.

ఆమె ఉద్యోగం ఒక్కటే పోగొట్టాననుకున్నాను ఇన్నాళ్లూ. తన నడుముకున్న గుత్తి మీద తనకే నమ్మకం లేకుండా చేశానని ఆ రోజు తెలిసింది. వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెప్పొచ్చు. భూపాలపల్లికి బస్సులు లేవా? ఉన్నాయి. నాలాంటివాడు ముఖం తెలియని మీకు చెబుతాడు గానీ ఆమెకు చెప్పడు. నేను ఎంతటివాణ్నో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

కాబట్టి మీకే చెబుతున్నాను. ఆ తాళం పడలేదు. నాకు తెలుసు. కమ్లి ఏదీ ఎక్కడా మరిచిపోలేదు.

ఇది రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. సిగ్గులేని ఊపిరి. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు? అడగాల్సిన మనిషి భూపాలపల్లిలో ఉంది. తాళంచెవులు ఎక్కడ పెట్టి మరిచానా అని ఇంకా గుర్తు చేసుకుంటూనే ఉంది.