ఒకే చొక్కా, రెండు ఫోటోలు

ఆఫీసులో పెద్ద ప్రింటరు ఆన్ చేస్తే చాలు, ఆ వేడి ఇంకు వాసనకు నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు. రేపటి ప్రెజెంటేషన్ పక్కన పెట్టి లేచి నాలుగడుగులు తిరిగి వస్తాను. అది మార్కాపురంలో రాహేలక్క ఫ్లెక్సీ షాపు వాసన. పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ ఫ్లెక్సీలు చేసేది అక్క. డిజైన్ కోర్సు చదివింది నేనే కానీ, బొమ్మతో మాట్లాడటం నేర్పింది ఆమె.

నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. దగ్గు మొదలైతే అన్నం మధ్యలోనే లేచిపోయేవాడు. అందుకే కోర్సు చివరి ఏడాది ప్రాజెక్టుగా కోత మిషనుకు దుమ్ము లాగేసే మూత ఒకటి తయారుచేశాను. ఓనరు ఒప్పుకుంటేనే దాన్ని బిగించేది. ఆయన నాకు ఇచ్చింది పది నిమిషాలు. కంప్యూటర్లో నిగనిగలాడే త్రీడీ బొమ్మ గీసి, బాణాలూ కొలతలూ నింపి, ప్రింటు కోసం అక్క దగ్గరికి పరిగెత్తాను.

అక్కకు ఒక అలవాటు. ఏ ప్రింటయినా ఎదురుగా మూసి ఉన్న షట్టరుకు అంటించి, రోడ్డుకు ఇవతల నిలబడి, పోయేవాళ్లను ఆపి అడుగుతుంది. ఆ రోజు పెద్దారవీడు నుంచి గొర్రెల మందు కోసం వచ్చిన పెద్దాయన దొరికాడు.

"మామా, ఇది ఏందో చెప్పు?"

"మిక్సీ గదమ్మా! దుకాణం యాడ పెడతాండారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క పగలబడి నవ్వింది. "దుమ్మేది పిల్లా? మీ నాయన యాడ? మనిషి లేని మిషను ఎవురికి కావాల? పోయి ఫోటో తీసుకరాపో."

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్లేసరికి నాయన మిషను కడిగేసి, పండక్కి కుట్టించుకున్న తెల్ల చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని నిలబడి ఉన్నాడు. ఫోటో అంటే మా వైపు అంతే మరి! దుమ్ము ఆనవాలు కూడా లేదు. "ఏంది నాయనా ఇది, కొంప ముంచినావు!" అని అరిచాను. ఆయన ముఖం చిన్నబోయింది. అక్కకు ఫోన్ చేస్తే తాపీగా, "తిట్టాకు పిల్లా. అట్లనే తియ్యి. చొక్కా మార్చుకోనియ్యాకు. సాయంత్రం దాకా ఆడనే ఉండి మళ్లా తియ్యి" అంది.

ఉన్నాను. నా గొంతులోకీ దుమ్ము దిగింది. సాయంత్రానికి చొక్కా రాతి రంగుకు తిరిగింది. కాలరు మడత కింద మాత్రం తెలుపు. అక్క రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, నా బాణాలన్నీ పీకేసింది. నేను ఎగిరి గంతేశాను. అక్క మాత్రం మౌస్ వదిలేసి, "నాయన్ని అడిగినావా?" అంది.

అడగలేదు. ఇంటికెళ్లి చూపిస్తే నాయన చాలాసేపు చూశాడు. "మొగం తీసెయ్యమ్మా. చొక్కా ఒక్కటే చూపియ్యి" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఓనరు ముందు ప్రింటు పరిచాను. ముఖం లేని ఆ రెండు ఫోటోలనూ చూసి ఆయన, "ఇది ఒక్కరోజుదా?" అన్నాడు. "ఒక్కరోజుదే సార్" అన్నాను. నెల తిరక్కుండా మూత బిగించారు. నాయన దగ్గు మాత్రం పోలేదు. అప్పటికే లోపల పేరుకున్నదాన్ని ఏ మూత లాగుతుంది?

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. తళతళలాడే స్లయిడు తెచ్చి చూపిస్తే బాగుందనడానికి నోరు రాదు. ఏ ఫ్యాక్టరీకి పోయినా, క్యాబులో కాచుకున్న నా వాళ్లు ఎంత విసుక్కున్నా, షిఫ్టు అయ్యేదాకా కదలను. తీసిన ఫోటో ముందు ఆ మనిషికే చూపిస్తాను. వద్దంటే, ఎంత గొప్ప ఫోటో అయినా తీసేస్తాను. కానీ చాలామంది వద్దనరు. నవ్వి తలూపుతారు. ఇష్టమై నవ్వారో, కాదనలేక నవ్వారో తెలియదు. ఆ నవ్వే నన్ను కుదురుగా ఉండనివ్వదు.