బోర్డుల వెనక ఇనుము

ఒక మనిషి చావును ఇంకొకరి పేరు మీద వదిలేసి ఇన్నేళ్లు బతికాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తొంభైల చివర్లో అనంతపురంలో ఐదంతస్తుల బట్టల షాపు కట్టాం. ఇనుప చట్రం మీద లేచిన భవనం. నేను సైటు ఇంజనీరును. మంటల్లో ఇనుము కాలిపోదు, మెత్తబడి వంగుతుంది. అందుకే జనం బయటపడేదాకా వేడిని ఆపేలా స్తంభాలకూ దూలాలకూ మందంగా ఒక పూత కొట్టాలని నిబంధన. అది కలపడానికి నీళ్లు కావాలి. ఆ ఎండాకాలం ఊళ్లో తాగడానికే నీళ్లు లేవు. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్లు రాలేదు, ప్రారంభోత్సవం దగ్గరపడింది. కింది అంతస్తులకు కొట్టించాను. పై రెండింటికి పూత లేకుండానే సీలింగు బోర్డులు బిగించమన్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. వానలు పడ్డాక విప్పి కొట్టిద్దామని నిజంగా అనుకున్నానా? వానలు పడ్డాయి. నేను విప్పలేదు.

కొన్నేళ్లకు ఒక మధ్యాహ్నం పై అంతస్తులో మంటలు లేచాయి. అక్కడ చీరలు అమ్మే ఈశ్వరమ్మది బుక్కరాయసముద్రం. కొనడానికి వచ్చినవాళ్లందరినీ మెట్ల వైపు పంపి, తను ఆఖరున కదిలింది. దూలం వంగి పైకప్పు ఆమె మీద కూలింది.

విచారణలో పూత కొట్టించామనే చెప్పాను. మంటకు రాలిపోయి ఉంటుందన్నాను. నమ్మారు. నేరమంతా వైరింగు చేసిన ఖాదర్ మీద పడింది.

అతను మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"అన్నా, మంట నా వైర్లనుంచే లేచిందేమో. కాదనను. అంత తొందరగా పైకప్పు ఎట్ల కూలె? ఆ ఇనుముకు పూత కొట్టించినావు కదా?"

"కొట్టించినాను. నామీదే అనుమానమా ఏమప్పా?"

"లేదన్నా. నువ్వు చెప్పినావంటే అంతే."

వెళ్లిపోయాడు. జైలుకు పోయి వచ్చాక ఊళ్లో ఎవరూ పనివ్వలేదు. గార్లదిన్నెలో మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు. ఈశ్వరమ్మ పిల్లల ముందు చేతులు జోడించి ఏడ్చాడని విన్నాను. జోడించాల్సిన చేతులు నావి. ఆ రోజు కూడా నేను ఇంట్లోనే కూర్చున్నాను.

పోయిన ఏడాది ఖాదర్ చనిపోయాడు. ఇప్పుడు చెప్పి ఎవరిని ఉద్ధరిస్తాను? అతను బతికుండగా ఎందుకు చెప్పలేదు? జైలంటే భయం. అంతకంటే మర్యాద పోతుందని భయం. వేరే కారణం వెతికాను, దొరకలేదు.

క్షమించమని అడగను. నిప్పు ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు. పైకప్పు మాత్రం నా వల్లే కూలింది. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే.