నేనిచ్చిన ఇయర్‌ఫోన్ల తీర్పు

మా హిందీ ప్రాంతం విడిపోయి కొత్త రాష్ట్రమై, ఆ పేరు రాసిన బోర్డుల మీద రంగు ఇంకా పచ్చిగానే ఉన్న ఆ రోజుల్లో, మా భిలాయిలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు ఎవరేమడిగినా "చూసి చెబుతాను" అంటాను గానీ, ఇరవై రెండేళ్లప్పుడు చూడకుండానే చెప్పేసేదాన్ని. అలాంటి దశలో పెళ్లి వీడియోలు తీసే ఒక స్టూడియోలో చేరాను. ఉద్యోగమంటే సీడీ కవర్ల మీద వధూవరుల పేర్లు అందంగా రాయడం. (ఒకసారి వరుడి పేరు రాయాల్సిన చోట ఆయన మామగారి పేరు రాశాను. ఆ సంగతి ఇక్కడ అనవసరం.) నా కన్ను మాత్రం లోపలి గదిలో సౌండు సరిచేసే కుర్చీ మీద ఉండేది. అందులో కూర్చునే అబ్బాయి నాగపూర్ వెళ్లిపోవడంతో అది ఖాళీగా ఉంది.

స్టూడియో యజమానిని అందరం స్టూడియో భయ్యా అనేవాళ్లం. విజయనగరం వాళ్లే గానీ పుట్టింది ఇక్కడే, అందుకని ఆయన మాట తెలుగులో బయల్దేరి హిందీలో దిగేది. ఒక సోమవారం నా ముందు రెండు పెట్టెలు పెట్టాడు. రెండింట్లోనూ చెవి లోపల దూర్చుకునే ఇయర్‌ఫోన్లే. బస్టాండులో వేలాడదీసి అమ్మే రకం కాదు, స్టేజీ మీద పాడేవాళ్లు వాడేవి. ఒక్కో జత ధరకి మా ఇంటికి కలర్ టీవీ వచ్చేస్తుంది. రాయపూర్ షాపువాడు విని చూడమని వారం రోజులకిచ్చాడట. ఒకటి ఉంచుకుని రెండోది తిరిగిచ్చేయాలి.

"నీకు మ్యూజిక్ తెలుసా?" అని అడిగాడు భయ్యా.

"చర్చిలో పాడతాను కదా భయ్యా" అన్నాను. (వెనక వరసలో, ఎక్కువగా పెదవులు కదుపుతూ.)

"బస్, ఐతే నువ్వే విని చెప్పు. సహీ చెప్పావంటే ఆ కుర్చీ నీదే. గలత్ ఐతే మళ్లీ కవర్లే. సమఝ్ గయీ?"

రిసాలిలో మా క్వార్టరుకి రెండు పెట్టెలూ పసిపిల్లల్ని తెచ్చినట్టు తెచ్చాను. ఒక జత నల్లగా, బొద్దుగా ఉంది. రెండోది గాజులా లోపలి తీగలన్నీ కనిపించేలా ఉంది, కొసన స్పాంజి తొడుగులు. ఖరీదు దానిదే ఎక్కువ. పక్కనే ఉన్న మరోదా కాలనీలో జరిగిన ఒక తెలుగు పెళ్లి సీడీ పెట్టి మార్చి మార్చి విన్నాను. నిలబడి విన్నాను, పడుకుని విన్నాను, నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో, మరమరాలు నములుతుంటే ఎలా ఉంటుందో కూడా చూశాను. "సెవిలో పురుగ్గానీ దూరిందేటే?" అంది అమ్మ. నల్లదాంట్లో డోలు గుండెల మీద మోగింది. గాజుదాంట్లో అదే మేళం పక్కింటివాళ్ల పెళ్లిలా ఎక్కడో సన్నగా వినిపించింది. ఇక సందేహమేముంది? బుధవారం వెళ్లి, "గాజుది దండగ భయ్యా. పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని తీర్పు చెప్పేశాను. భయ్యా కాసేపు నసిగాడు. "శనివారం వాపస్ పంపేద్దాం. అప్పటిదాకా ఇంకోసారి విను" అన్నాడు. నా తీర్పు మీద అప్పీలా అని లోపల మండింది.

శుక్రవారం నాన్న మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి నేను గాజుదాన్ని చెవుల్లో పెట్టుకుని, మొహం చిట్లించుకుని కూర్చున్నాను. నాన్నది ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు. అక్కడ మోతకి చెవుల్లో స్పాంజి బిరడాలు పెట్టుకోకపోతే కుదరదు. టీ గ్లాసు పట్టుకుని నన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఏటమ్మీ అది? సెవిలో ఎట్టుకున్నావా, గుమ్మంలో నిలబెట్టీసావా?"

"ఇది ఇంతే నాన్నా. ఇందులో సౌండే లేదు."

"ఇలాగియ్యి." గ్లాసు కింద పెట్టి, స్పాంజిని రెండు వేళ్ల మధ్య నలిపి వత్తిలా సన్నగా చేశాడు. "ఇప్పుడు అవతలి సేత్తో తల మీంచి తెచ్చి సెవి పైకి లాగు. ఇంకా లాగు, ఊడిపోదులే. ఇప్పుడు దూర్చీసి, అది ఉబ్బీదాకా ఏలితో నొక్కి పట్టుకో. కొత్తగా జేరిన కుర్రోళ్లకి మొదటిరోజు ఇదే నేర్పుతాం."

నేర్పినట్టే చేశాను. స్పాంజి లోపల మెల్లగా ఉబ్బింది. ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. వీధిలో కూరగాయలవాడి కేక ఆగిపోయింది. అప్పుడు డోలు మోగింది, కుడి దెబ్బ వేరుగా, ఎడమ దెబ్బ వేరుగా. సన్నాయి ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది. మంగళసూత్రం కట్టే వేళ మైకు పక్కనే ఎవరో ఆవిడ "లడ్డూలు అయిపోనాయేటి?" అని దిగులుగా అడగడం కూడా వినిపించింది. నల్లదాంట్లో ఎన్నిసార్లు విన్నా ఆవిడ లేదు. నాకు ఒళ్లు పులకరించింది, వెంటనే భయమేసింది. ఇంకొక్క రోజు గడిస్తే ఆ జత రాయపూర్ వెళ్లిపోయేది, వెనకే నా కుర్చీ కూడా.

శనివారం పొద్దున్నే వెళ్లి నా తీర్పు నేనే వెనక్కి తీసుకున్నాను. స్పాంజి నలిపి, చెవి పైకి లాగించి, భయ్యాకి వినిపించాను. లడ్డూల ఆవిడ దగ్గర ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "అరే వాహ్! ఎవరు చెప్పారు నీకిది?" అన్నాడు.

"నేనే కనిపెట్టాను భయ్యా. రెండు రాత్రులు ఆలోచించి" అన్నాను. (రాత్రుల సంగతి ఎందుకు కలిపానో ఇప్పటికీ తెలియదు.) కుర్చీ నాదైంది.

నెల తర్వాత నేను మర్చిపోయిన టిఫిను డబ్బా ఇవ్వడానికి నాన్న స్టూడియోకి వచ్చాడు. భయ్యా ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, "అంకుల్, మీ అమ్మాయి దిమాగే దిమాగు" అంటూ మొదలుపెట్టాడు. స్పాంజి ఎలా నలపాలో, చెయ్యి తల మీంచి ఎలా తేవాలో, చెవి ఎటు లాగాలో, అంతా నా సొంత పరిశోధనగా ఓపిగ్గా వివరించాడు. నేను కంప్యూటరు తెర వెనక్కి ఎంత ఒదగగలనో అంత ఒదిగాను. నాన్న ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. మిల్లులో ఎంతమందికి ఆ పని నేర్పాడో ఆయనకే తెలియాలి. అలాంటి మనిషి అన్నీ శ్రద్ధగా విని, చెయ్యి తల మీంచి తెచ్చి, భయ్యా చూపించినట్టే తన చెవి పైకి లాగి చూసుకున్నాడు. "అలాగేటి బాబూ? మాకు తెల్దు గదా" అన్నాడు.

వెనకాలే సైకిలు దాకా పరిగెత్తి, "నాన్నా, అదీ..." అన్నాను. "కుర్సీ బాగుందే. నడుం నొప్పెట్టదు" అని పెడలు తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. నన్ను ఆటపట్టించాడో, నా పరువు కాపాడాడో అడగాలని చాలా ఏళ్లు అనుకున్నాను. అడగలేదు. భయ్యాకి నిజమూ చెప్పలేదు, చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది కాదు. ఆ పొగరుమోతు పిల్లని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గూ నవ్వూ ఒకేసారి వస్తాయి. ఇదంతా రాశానని రేపు నాన్నకి చదివి వినిపించినా, ఆయన టీ గ్లాసు చేతిలో పట్టుకుని, మొహంలో ఏమీ తెలియనివ్వకుండా, "అలాగేటి?" అనే అంటాడు.