బరువు మోసే కర్ర

బాలనర్సయ్య ముప్పై ఏళ్లుగా ఫిల్మ్ నగర్‌లో సినిమా సెట్లు కడుతున్నాడు. మేడలు కట్టాడు, కోర్టులు కట్టాడు, గుళ్లు కట్టాడు. ఏదీ రెండు నెలలు మించి నిలబడలేదు. నిలబడాలని ఎవరూ అడగలేదు.

జూబ్లీ హిల్స్‌లో సత్యలక్ష్మి అడిగింది. వంటింటిని కొత్తగా చేయించుకుంటోంది. చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులు, చిమ్నీ వేరేవాళ్లు బిగించి వెళ్లారు. వాటి పైన గోడ పొడుగునా టేకు అర కావాలంది. అత్తగారి ఇత్తడి బిందెలు దాని మీద ఉంటాయి.

బాలనర్సయ్య పలచటి ప్లైవుడ్‌తో పెట్టెలా చేసి, రంగుతో టేకు చారలు గీశాడు. అంచులకు మసి పూసి పాతదానిలా చేశాడు. మోసం అనుకోలేదు. చెయ్యి అలవాటైన దారిన పోయింది.

మరునాడు సత్యలక్ష్మి ఆడపడుచు పూజిత వచ్చి చూసింది.

"అబ్బో! మా ఆయన్ని ఎక్కించి కూర్చోబెట్టినా కదలదు వదినా."

"బాలనర్సయ్యగారు ఏ పాతింటి నుంచి తెచ్చారో!" సత్యలక్ష్మి మురిసిపోయింది.

అతను గుమ్మం దగ్గర టీ తాగుతున్నాడు. అప్పుడే చెప్పొచ్చు. ఆ టీ చివరిదాకా తాగి వెళ్లిపోయాడు.

తెల్లారి వెళ్లేసరికి ఆమె స్టూలెక్కి బిందె ఎత్తుతోంది.

"అమ్మా, జర ఆగుండ్రి! పెట్టకుండ్రి!"

"ఏమైందండీ?"

అతను దగ్గరికి వెళ్లి వేలితో అరను తట్టాడు. డొల్లగా మోగింది.

"గిది టేకు గాదమ్మా. లోపలంత ఖాళీ. షూటింగుకు చేసినట్టు చేసిన."

ఆమె బిందెతోనే కిందికి దిగింది.

"నిన్న పక్కనే ఉన్నారుగా. మమ్మల్ని చూసి నవ్వుకున్నారా?"

"లేదమ్మా."

నవ్వుకుని ఉన్నా, ఇలా దాచడం కంటే నయమని అతనికనిపించింది.

అర ఊడదీయడానికి పావుగంట చాలింది. నిజం టేకు తెచ్చి రెండు రోజులు దాని ముందు కూర్చున్నాడు. కర్రను కర్రలో దిగేసి బిగించే పని తండ్రి దగ్గర నేర్చిందే. మొదటి గాటే పక్కకు పోయింది. రెండోదీ పోయింది. మూడో రోజు వెంగళరావు నగర్ వెళ్లి, తలుపులు చేసే తిరుమలేశ్‌ను వెంటబెట్టుకొచ్చాడు. తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు.

"కాకా, జర గట్టిగ పట్టు. సినిమా గాదు గిది" అన్నాడు తిరుమలేశ్.

బాలనర్సయ్య పలక కింద భుజం పెట్టాడు.

సత్యలక్ష్మి వచ్చి చూసింది. "మీరు చెయ్యట్లేదా?"

"నాకు రాదమ్మా."