గూడెంలో నడుస్తుందాండీ?

ఒక చోట పనిచేసిన వస్తువు పనిచేసినట్టు కాదని నెల్సన్ మాస్టారి గట్టి నమ్మకం. అది ఇంకో చోట కూడా పనిచేయాలి, ఆ పైన మరో చోట. అప్పటికీ ఆయన మొహంలో అనుమానం పోదు గానీ, రాత్రికి నిద్ర మాత్రం పడుతుంది.

ఒకసారి ఏలూరు బజారులో గొడుగు కొన్నారు. ఏలూరు వానకి బాగానే ఆగింది. మనలాంటివాళ్ళయితే అక్కడితో ఊరుకుంటాం. ఆయన బస్సెక్కి పెదవేగి వెళ్ళి, పామాయిల్ తోటల పక్కన జల్లులో నిలబడి చూశారు. అక్కడా సరే అనిపించింది. ఆ తర్వాత పనిగట్టుకుని కొల్లేటి గట్టు మీదికి పోయి గాలికి ఎదురుగా తెరిచారు. గొడుగు కాస్తా వెనక్కి విచ్చుకుని ఊరుకుంది. తడిసి ముద్దయిన మనిషి తిన్నగా కొట్టుకి వచ్చారు.

"ఏవండీ, ఇది ఏలూరులో పనిచేస్తోంది, పెదవేగిలో పనిచేస్తోంది, కొల్లేట్లో పనిచేయట్లేదండీ."

"కొల్లేట్లో మీకేం పనండీ?" అన్నాడు కొట్టాయన.

"నాకేం లేదండీ. ఇలాంటి గొడుగు కొనేవాళ్ళలో ఎవరికో ఒకరికి ఉంటుంది కదండీ."

కొట్టాయన ఇంకో గొడుగు చేతిలో పెట్టి, దణ్ణం కూడా పెట్టాడు.

పెళ్ళి విషయంలోనూ ఇంతే. కెజియమ్మ గారిని వాళ్ళింట్లో చూశారు, చర్చిలో చూశారు, భీమడోలు బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఎవరితోనో పోట్లాడుతుండగా చూశారు. "మూడు చోట్లా ఒకేలా మాట్లాడిందండీ, అందుకే ఒప్పుకున్నాను" అని ఇప్పటికీ గర్వంగా చెబుతారు. "నేనూ చూశానండీ. మూడు చోట్లా ఈయన ఇంతే" అంటారావిడ, గర్వం ఏమీ లేకుండా.

పాపం జయకృష్ణ, ఏరి కోరి ఇలాంటి మనిషి చేతిలో పడ్డాడు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వ్యాపారి శ్రీరంగనాయకులు గారి ఒక్కగానొక్క కొడుకతను. రెండువేల నాలుగులో ఏలూరు పవర్‌పేటలో కంప్యూటర్ సెంటర్ పెట్టి, తెలుగు టైపు చేసుకోవడానికి 'బలపం' అనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాడు. అది కంప్యూటర్ని లోపలుండి నడిపించే లినక్సు మీద నడుస్తుంది. బలపాన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు.

ఈ 'ఊరికే' దగ్గరే నాయకులు గారికి ఒళ్ళు మండింది. "ఊరికే ఇచ్చేదానికి ఇంత కష్టం దేనికిరా? దసరాకి వస్తాను. ఈలోగా నీ బలపం బయటికొచ్చి సరిగ్గా రాస్తే సరే. లేదంటే సెంటరుకి తాళం వేసి, వచ్చి కొట్లో కూర్చో" అన్నారు. కొట్లో కూర్చోవడమనే మాట తలుచుకుంటేనే జయకృష్ణకి గుండె జారిపోయేది.

నెల్సన్ మాస్టారు పగలు బళ్ళో లెక్కలు చెప్పి, సాయంత్రం సెంటరుకి వచ్చి బలపానికి పరీక్ష పెట్టేవారు. లినక్సు ఒకటే గానీ దాన్ని తయారుచేసి పంచేవాళ్ళు బోలెడుమంది. పప్పు ఒకటే, పోపు ఎవరిది వాళ్ళది. ఒకరి లినక్సులో చక్కగా నడిచిన ప్రోగ్రాము ఇంకొకరి దాంట్లో మొరాయిస్తుంది. అందుకని మాస్టారు గోడవారగా పాత మిషన్లు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం ఎక్కించి, వాటికి ఊళ్ళ పేర్లు పెట్టారు. ఏలూరు, పెదవేగి, పెంటపాడు, ఆకివీడు, చివర గూడెం, అంటే తాడేపల్లిగూడెం. గూడెంలో ఉన్నది అన్నిటికన్నా పాతకాలపు లినక్సు. దాన్ని తయారుచేసినవాళ్ళే మర్చిపోయి ఉంటారు.

ఇవి చాలవన్నట్టు, వారం వారం సీడీ ఒకటి సంచిలో వేసుకుని ప్యాసింజరు బండిలో నిజం గూడేనికే పోయి వచ్చేవారు. ఎందుకని అడిగితే, "ఏలూరు కరెంటు వేరు, గూడెం కరెంటు వేరండీ" అనేవారు. వచ్చేటప్పటికి చొక్కా అంతా ఉల్లిపాయల వాసన. కెజియమ్మ గారు గుమ్మంలోనే ఆపి, "ముందు స్నానం చేయండి, ఆ తర్వాత పరీక్షలు" అనేవారు. ఆ ఊరంతా అదే వాసన కనక జయకృష్ణ కూడా పట్టించుకోలేదు.

దసరా దగ్గరపడింది. బలపం నాలుగు ఊళ్ళలోనూ నెగ్గి అయిదో ఊళ్ళో బోల్తాపడింది.

"గూడెంలో శ్రీ విడిపోతోందండీ" అన్నారు మాస్టారు. తెర మీద శ ఒకచోట, దాని కింద ఉండాల్సిన వత్తు ఇంకోచోట, మధ్యలో చీమలు దూరేంత సందు.

"ఆ పాత లినక్సు ప్రపంచంలో ఎవరు వాడతారండీ?"

"ఎవరో ఒకరుంటారండీ."

"ఆ ఒక్కరూ శ్రీ లేకుండా బతకలేరా?"

"బతకలేరండీ" అన్నారు మాస్టారు, చాలా మర్యాదగా.

జయకృష్ణకి ఏడుపొక్కటే తక్కువ. "పండగ నెత్తి మీదుందండీ. మా నాన్నగారు వచ్చి తాళం వేసుకుపోతారు. ఇవాళ నెట్‌లో పెట్టేస్తున్నాను."

"మీ ప్రోగ్రాము, మీ ఇష్టమండీ. పెట్టే ముందు గూడెంలో మీ నాన్నగారి పేరు ఒక్కసారి కొట్టండి."

"అన్నిట్లోనూ ఆయన పేరే కొట్టిస్తారేమిటండీ?"

"మొదట్లోనే శ్రీ ఉంది, మధ్యలో సున్నా ఉంది, చివర కొమ్ముంది. పరీక్షకి చాలా మంచి పేరండీ."

విసుక్కుంటూనే కొట్టాడు. తండ్రి పేరు మొదటి అక్షరంలోనే ముక్కలై కూర్చుంది. ఆయనంటే ఎంత కోపంగా ఉన్నా, ఆ పేరు అలా వదిలేయడానికి అతనికి చేతులు రాలేదు. నెట్‌లో పెట్టడం మానేసి, చొక్కా చేతులు మడిచి, తప్పు వెతకడానికి కూర్చున్నాడు. మాస్టారు కెజియమ్మ గారు పంపిన పులిహోర డబ్బా పక్కన పెట్టి వెళ్ళిపోయారు. పండగ ముందురోజు సాయంత్రానికి గూడెంలో శ్రీ అతుక్కుంది. బలపం లోకానికి విడుదలైంది. మాస్టారు సీడీ ఒకటి రాసుకుని సంచిలో వేసుకుని బండెక్కారు.

దసరా నాడు మధ్యాహ్నం నాయకులు గారు వచ్చారు. మాస్టారు కుర్చీ వేసినా కూర్చోలేదు. జయకృష్ణ తండ్రి పేరు టైపు చేసి చూపించాడు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, తెర దగ్గరికి వంగి, శ్రీని చాలాసేపు చూశారు.

"ఇక్కడ నడిచింది సరే. గూడెంలో నడుస్తుందా?"

జయకృష్ణ తెల్లబోయాడు. నెల్సన్ మాస్టారి జబ్బు అంటువ్యాధేమో అనుకున్నాడు.

"నడుస్తుందిలే. పొద్దున్నే మన కొట్లో చూసే వచ్చాను" అన్నారు నాయకులు గారు. "నిరుటి వరకూ గుమాస్తా వాడి మూలపడేసిన కంప్యూటరు లేదూ, దానికి మాస్టారు ఏదో పాతది ఎక్కించిపెట్టారు. కొత్తవి దానికి అరగవట. నువ్వు చేసే పనేమిటో నోటితో చెబితే నాకు బుర్రకెక్కదురా. వేళ్ళతో నేర్చుకుందామని ఈయన్ని బతిమాలాను. నీకు చెప్పొద్దన్నాను. నిన్నటిదాకా నా శ్రీ విరిగిపోయేది."

అప్పుడు జయకృష్ణకి అసలు సంగతి వెలిగింది. ఆ రోజు తొందరపడి ఉంటే, తండ్రి కొడుకు చేసినదాన్ని ముందేసుకుని తన పేరే కొట్టి, మొదటి అక్షరం దగ్గరే తల అడ్డంగా ఊపి తాళం వెతుక్కునేవారు. మాస్టారి వైపు తిరిగాడు.

"ఒక్కమాట చెబితే పోయేది కదండీ."

"మాటిచ్చానండీ. ఒకరికిచ్చిన మాట ఇంకొకరి దగ్గర కూడా పనిచేయాలి కదండీ."

"మరి కొట్టుకి ఎప్పుడు రమ్మంటారు నాన్నగారూ?" అన్నాడు జయకృష్ణ, భయం ఇంకా పూర్తిగా వదలక.

"నువ్వొస్తే ఆ కంప్యూటరు ముందు కూర్చుంటావు. మరి నేనెక్కడ కూర్చోను? ఇక్కడే ఉండు."

ఆ మాటకి జయకృష్ణ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. తండ్రి చూస్తున్నారని గబుక్కున తుడుచుకుని, ఆయన మాస్టారి కోసం తెచ్చిన ఉల్లిపాయల బస్తా వైపు చూపించి, "ఘాటండీ" అన్నాడు.

నెల్సన్ మాస్టారు బస్తా దగ్గరికి వెళ్ళారు. మూతి కుట్టినది కుట్టినట్టే ఉంది. దాన్ని ఓసారి తట్టి, జయకృష్ణ మొహం ఓసారి పరీక్షగా చూసి, తృప్తిగా తలాడించారు.

"గూడెం ఉల్లిపాయలు ఏలూరులో కూడా పనిచేస్తున్నాయండీ."