నాట్ల పాట ఎవరిది

ఉద్యోగ విరమణకు ముందు నా చివరి పోస్టింగు కోదాడలో, సహాయ వ్యవసాయ సంచాలకుడిగా. కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానాకాలం పంటకు ముందు చేరాను. ప్రతి మండలానికి ఒక వ్యవసాయాధికారి, ఆయన కింద కొన్ని ఊళ్లకు కలిపి ఒక విస్తరణాధికారి ఉంటారు. మా వాడుకలో ఈ విస్తరణాధికారిని ఏఈఓ అంటాం. రైతుతో రోజూ మాట్లాడేది వాళ్లే.

మోతె మండలంలో ఏఈఓగా ఉన్న స్వప్న అప్పటికే మూడేళ్లుగా రైతుల కోసం ఇంటర్నెట్‌లో ఒక వీడియో ఛానల్ నడుపుతోంది. విత్తన శుద్ధి, నారుమడి, వరికి పట్టే సుడిదోమను గుర్తుపట్టడం, అన్నీ తానే పొలంలో నిలబడి చెప్పేది. ఫోన్లో తీసిన ఆ వీడియోలను మిర్యాలగూడలో పెళ్లి వీడియోల స్టూడియో నడిపే సైదులు కత్తిరించి, పాట కలిపి ఇచ్చేవాడు. అసలు చిక్కు అక్కడే ఉందని మాకు తెలియదు. పెళ్లి వీడియోకు సినిమా పాట వేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే అది ఆ ఇంట్లోనే ఉండిపోతుంది, అడిగేవాడు లేడు. అదే అలవాటుతో సైదులు మా విత్తన శుద్ధి వీడియోకూ ఒక సినిమా పాట వేశాడు.

పాట హక్కుదారు ఫిర్యాదు చేయడంతో సైటు ఆ వీడియోను తీసేసి ఛానల్‌కు ఒక స్ట్రైకు, అంటే లెక్కలో పడే హెచ్చరిక, వేసింది. నెల తిరక్కుండానే రెండోది వచ్చింది. ఈసారి కారణం సుడిదోమ ఫొటో. అది ఎవరో ఫొటోగ్రాఫర్ తీసింది. మూడు నెలల లోపు మూడో స్ట్రైకు పడితే ఛానల్‌ను, అందులోని వీడియోలన్నిటినీ తీసేస్తారు. నాట్లు మొదలవుతున్న సమయమది.

స్వప్ననూ సైదులునూ ఆఫీసుకు పిలిపించాను.

"నెట్‌ల దొరికింది సార్, ఫ్రీనే అనుకున్న," అంది స్వప్న.

సైదులు ఇంకా ధీమాగానే ఉన్నాడు. "సర్కారు పని సార్ ఇది. మనల్నెవడు అడుగుతడు?"

"అడిగిండ్రు గదా అన్నా, రెండుసార్లు," అంది స్వప్న.

సూర్యాపేటలోని జిల్లా వ్యవసాయాధికారి ఛానల్ మూసేయమన్నారు. "కొన్నాళ్లల్ల రిటైరయితున్నరు, మీకెందుకు సార్ ఈ పరేషాన్?" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. బాగుచేసి చూస్తాను, కొంత గడువివ్వండని కోరాను. ఒప్పుకున్నారు.

ముందు వీడియోలన్నిటినీ బయటివారికి కనిపించకుండా పెట్టించాను. రెండో స్ట్రైకు వల్ల కొన్నాళ్లు కొత్త వీడియో పెట్టే వీలు ఎలాగూ లేదు. ఆ వ్యవధిలో ఒక్కో వీడియో తెరిచి, అందులోని ప్రతి ఫొటో, ప్రతి దృశ్యం, ప్రతి సంగీతం ముక్క ఎవరిదో తేల్చాం. మేం తీసినవి ఉంచాం. ఎవరివో తేలనివి, ఎంత బాగున్నా, తీసేశాం. వాటి బదులు ఉచితంగా వాడుకోనిచ్చేవి వెతకాలి. వెతికేటప్పుడు వాడుక హక్కులను బట్టి వడపోసే సౌకర్యం ఉంటుంది కానీ, దానినొక్కదాన్నే నమ్మకూడదు. ఆ ఫొటో మొదట పెట్టినవారి పేజీకి వెళ్లి లైసెన్సు చదవాలి. ఒకరు పేరు వేస్తే చాలంటారు. ఒకరు వ్యాపారానికి వద్దంటారు. మరొకరు వాడుకోండి గానీ కత్తిరించవద్దంటారు. పేజీ తర్వాత మారిపోవచ్చు కాబట్టి లైసెన్సు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచాలి. స్వప్న ఈ పని నాకంటే వేగంగా నేర్చుకుంది.

ఫొటోల సంగతి తేలింది. సంగీతం దగ్గర ఆగిపోయాం. ఉచితంగా దొరికినవన్నీ ఎక్కడివో పియానోలు, గిటార్లు. ఒకటి కలిపి మోతెలో ఒక పెద్దరైతుకు చూపిస్తే ఆయన చివరిదాకా శ్రద్ధగా చూసి, "మంచిగనే ఉంది గానీ సారూ, పొలంల ఉన్నట్టు లేదు. సూర్యాపేట మాల్‌ల లిఫ్టెక్కినట్టుంది," అన్నాడు. సైదులు అందరికంటే గట్టిగా నవ్వాడు.

అప్పుడు స్వప్నకు నాట్ల పాట గుర్తొచ్చింది. మోతెలో నాట్లేసే ఆడవాళ్ల జట్టుకు పెద్ద లింగమ్మ. ఆమె పాడితే మిగతావాళ్లు అందుకుంటారు. కానీ అదే పాటను ఒక ఆడియో కంపెనీ వాయిద్యాలతో రికార్డు చేసి ఉంది. ఇక్కడ ఒక తేడా తెలియాలి. పాట తరాలుగా వస్తున్నది, దానికి ఒక యజమాని లేడు. కంపెనీ చేసిన రికార్డింగుకు మాత్రం కంపెనీయే యజమాని. వాళ్ల రికార్డింగు వాడకుండా మనం కొత్తగా రికార్డు చేసుకుంటే తప్పులేదు.

నాట్లు పడుతున్న పొలానికి వెళ్లి లింగమ్మను అనుమతి అడిగాం. ఆమె నడుం నిటారు చేసి, చేతిలోని నారుకట్టతో నన్ను చూపిస్తూ, "పాడుతం సారూ. మరి మా పేర్లు ఎయ్యాలె. పేర్లు ఎయ్యకుంటే పాడేదే లేదు," అంది. లైసెన్సుల పేజీలు అన్ని చదివినా నాకు ఇంత సూటిగా రాసిన షరతు కనిపించలేదు. ఒప్పుకున్నాను. పేర్లు వేస్తే పాట వాడుకోవచ్చని జట్టంతా కెమెరా ముందు చెప్పి, తర్వాత పాట అందుకున్నారు.

పాట మధ్యలో లింగమ్మ ఉన్నట్టుండి కేకేసింది: "ఓ యాదమ్మా, నీ మునుం ఎనక వడ్డది, ముచ్చట్లు బంద్ చెయ్యి!" మునుం అంటే ఒక్కొక్కరు నాటుకుంటూ పోయే వరస. పాట ఆగలేదు, యాదమ్మ నవ్వు కూడా రికార్డయింది. సైదులు ఆ కేక తీసేద్దామన్నాడు. స్వప్న తీయనివ్వలేదు.

కొత్త పాటతో తొలి వీడియో పెట్టగానే సైటు యంత్రం అది కంపెనీ పాటేనని పోల్చి అభ్యంతరం చూపింది. అభ్యంతరం స్ట్రైకు కాదు. దాన్ని ఒప్పుకుని పాట తీసేస్తే అక్కడితో ఖతం. కాదని వాదించి, అప్పీలు దాకా వెళ్లి, అక్కడా కంపెనీ పట్టుబట్టి వీడియో తీయమంటే అది మూడో స్ట్రైకు. ఛానల్ పోతుంది. జిల్లా అధికారి పాట తీసేయమనే సలహా ఇచ్చారు. నిర్ణయం స్వప్నకు వదిలాను. పోతే పోయేది ఆమె మూడేళ్ల పని.

"పాట మనది సార్. మనది కాదని ఒప్పుకుంటే రేపు లింగమ్మకు ఏం ముఖం చూపియ్యాలె?" అంది స్వప్న.

వాదన పంపాం. కంపెనీ తిరస్కరించింది. అప్పీలు నేనే రాశాను. పాట పరంపరగా వస్తున్నదనీ, రికార్డింగు మాదేననీ, పాడినవారి అనుమతితో సహా కత్తిరించని పూర్తి వీడియో మా దగ్గర ఉందనీ వివరించాను. చివర ఒక వాక్యం చేర్చాను: మా పాట మధ్యలో లింగమ్మ అనే కూలీ యాదమ్మను మందలిస్తుంది, మీ రికార్డింగులో ఆ మందలింపు ఎక్కడుందో దయచేసి చూపగలరు.

వారం గడవకముందే కంపెనీ అభ్యంతరం వెనక్కి తీసుకుంది. ఆ సమాచారం వచ్చినప్పుడు నేను మండలాధికారుల సమావేశంలో ఉన్నాను. స్వప్న ఫోన్లో "గెలిచినం సార్!" అని అరిచిన అరుపు గదిలో అందరికీ వినిపించింది. సమావేశం ఆపి అందరికీ చాయ్ తెప్పించాను. జిల్లా అధికారి ఫోన్ చేసి మిగతా మండలాల ఏఈఓలకు ఈ పద్ధతి నేర్పమన్నారు. నా పదవీకాలంలో నేను ఇచ్చిన చివరి శిక్షణ అదే.

మూడు నెలలు నిండాక పాత స్ట్రైకులూ తొలగిపోయాయి. నాట్ల పాటను మేమూ ఉచితంగానే ఇచ్చాం, పేర్లు వేయాలన్న ఒక్క షరతుతో. గరిడేపల్లి, మఠంపల్లి వైపు రైతుల వీడియోలు చేసే కుర్రాళ్లు దాన్ని వాడుకుంటున్నారు. అందరూ పేర్లు వేస్తున్నారు. స్వప్న వాటిని లింగమ్మకు చూపిస్తే, "పేరు జర పెద్దగ ఎయ్యమను బిడ్డా, అద్దాలు లేకుంటే కనవడుత లేదు," అందట.

నెట్‌లో కనిపించడం వేరు, వాడుకోనివ్వడం వేరు. ఎవరు తీశారు, ఏ షరతుతో ఇచ్చారు, ఆ మాట ఎక్కడ రాసి ఉంది, ఇవి తేలాకే ఫొటో గానీ పాట గానీ ముట్టుకోవాలి. తేలకపోతే ఫోన్ పట్టుకుని పొలానికి వెళ్లడమే దగ్గరి దారి.