చిలకలపూడిలో చైనా కొలువు

మొన్న గుడివాడలో బస్సు కోసం నిలబడి ఉంటే పక్క కొట్లోంచి కాలిన రాగి వాసన గుప్పున వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం దైవసహాయం మాస్టారు గుర్తొచ్చారు. ఆయన వెనకాలే వీరాస్వామి గుర్తొచ్చాడు. అంతే, ఒళ్లు మండింది. ఇన్నేళ్లకీ వన్నె తగ్గలేదంటే నా అసూయ రోల్డ్‌గోల్డ్ కాదు, మేలిమి సరుకే.

చైనాతో ఇంకా యుద్ధం రాని రోజులవి. చిలకలపూడిలో ఒక షెడ్డులో పనిచేసేవాణ్ణి. రాగి కడ్డీకి బంగారు రేకు చుట్టి, కొలిమిలో కాల్చి, మరలో సాగదీసి గొలుసులు చేసేవాళ్లం. మాస్టారు బందరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎనిమిదో తరగతిలో నేను బడికి దణ్ణం పెట్టేదాకా నాకూ ఆయనే చెప్పారు. సాయంత్రం టీ వేళకు మా షెడ్డుకొచ్చి, పీట లాక్కుని కూర్చుని, వెయ్యేళ్లు దాటిన చైనా టాంగ్ వంశపు రాజుల కబుర్లు మొదలుపెట్టేవారు. అక్కడ ఒక సర్కారు కచేరీ ఆజ్ఞ రాస్తే, ఇంకో కచేరీ అందులో తప్పు పట్టి వెనక్కి పంపొచ్చట. మూడోది ఆరు శాఖల చేత అమలు చేయించేదట. వినగా వినగా ముచ్చటేసి మాకూ పదవులు పంచిపెట్టారు. ఓనరు సుబ్బారావుగారు చక్రవర్తి. కొలిమి ఊదే తాతగారు పనుల శాఖ మంత్రి.

నా కన్ను మాత్రం ఒక్క పదవి మీదే ఉంది. చక్రవర్తి తప్పు చేస్తే మొహం మీదే చెప్పే పదవి. తాయ్‌జోంగ్ చక్రవర్తి దగ్గర వెయ్ జెంగ్ అనే ఆయన ఆ పని చేసేవాడట. ఒకనాడు చక్రవర్తి డేగతో ఆడుకుంటుంటే ఈయన వచ్చాడు. చక్రవర్తి జంకి, పిట్టను అంగీలో దాచాడు. ఈయనేమో కావాలనే మాటలు సాగదీశాడు. ఆయన వెళ్లేసరికి డేగ ఊపిరాడక చచ్చిపోయిందట.

"ఆ ఉద్యోగం నాదే కదండీ మాస్టారూ. ఈ షెడ్డులో నాకున్న నోరు ఇంకెవరికుంది?" అన్నాను.

"నీకు ఆస్థాన సంగీతం శాఖ రాసిపెట్టి ఉంచాను. ఇది వీరాస్వామికి."

వీరాస్వామి పెడనలో మగ్గం వదిలి కొత్తగా వచ్చినవాడు. చుట్టరికమేమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు. పొద్దున నోరు విప్పితే మళ్లీ టీ అడగడానికే. నేను మాస్టారి శిష్యుణ్ణి. వీడెవడు మధ్యలో? ఆ రోజు నా గ్లాసులో టీ కూడా చేదెక్కింది.

అంతలో పెళ్లిళ్ల కాలం వచ్చింది. ఆర్డర్లు ముంచెత్తేసరికి సుబ్బారావుగారు రేకు పల్చన చేయించారు. గ్యారంటీ మాత్రం పాతదే. ఆ గొలుసులు కొనేది మా వీధుల ఆడపడుచులే. రంగు దిగితే వాళ్లు తిట్టుకునేది మా చేతుల్నే. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నా పదవి నేను గెలుచుకునే వేళ ఇదే అనుకున్నాను. మాస్టారు ఉండగా, ఓనరు ఒక గొలుసు పట్టుకుని చూస్తుంటే అందుకున్నాను.

"ఏవండోయ్ సుబ్బారావుగారూ, ఇది వేసుకుని దివిసీమ వెళ్లాలంటే కష్టమండీ. మనిషి పులిగడ్డ రేవు దాటుతుంది గానీ, బంగారం ఇవతల ఒడ్డునే దిగిపోతుంది."

షెడ్డంతా గొల్లుమంది. సుబ్బారావుగారు కళ్లు తుడుచుకుంటూ, "నీ నోరు పాడుగాను. వీడికింకో టీ పొయ్యండ్రా," అన్నారు.

నవ్వులు ఆగాక వీరాస్వామి లేచాడు. "అయ్యగారూ, మా చెల్లి పెళ్లికి మన గొలుసే పెడదామనుకున్నానండీ. ఇప్పుడు పెట్టనండీ." అని మళ్లీ పనిలో కూర్చున్నాడు.

సుబ్బారావుగారు నవ్వలేదు. చేతిలో గొలుసును చప్పున జేబులో వేసుకున్నారు. మర్నాటి నుంచి పాత మందం రేకే వచ్చింది.

మాస్టారిని ఇంటిదాకా దిగబెడుతూ ఉండబట్టలేక అడిగాను. "నేను చెప్పిందీ అదే మాట కదండీ?"

"అదే మాటరా. కానీ చెప్పేటప్పుడు నువ్వు ఓనరు వైపు చూడలేదు. నా వైపు చూశావు."

ఆ మాట షెడ్డులో ఎవరి చెవినా పడలేదు, అదొక్కటే అదృష్టం.

మాస్టారు పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరికైనా చేదు మాట చెప్పాల్సి వస్తే ముందు నాలిక మీదికి జోకే వస్తుంది. దాన్ని మింగేసి, మనిషి కళ్లలోకి చూసి మామూలుగా చెబుతాను. ఎదుటివాడి మొహం మాడిపోతుంది. మెచ్చుకునేవాళ్లు ఒక్కరూ ఉండరు. అప్పుడు వీరాస్వామి మీద నాకున్న అసూయ కాస్త తగ్గుతుంది. కాస్తే.